డేవిస్ మరణం, పర్పుల్ హార్ట్: ఒక సందేహం

రేడియోపక్షి: 1961 డిసెంబర్ 22న వియత్నాంలో చనిపోయిన అమెరికన్ సైనికుడు జేమ్స్ టి. డేవిస్ పని శత్రువు సిగ్నళ్లు పట్టడం కదా, సైగాన్‌లో కూర్చుని వినకుండా పొదల్లోకి ఎందుకెళ్లాడు? రహస్య పనిలో పోయినవాళ్లకి పతకం ఎలా ఇస్తారండీ?

యాంటెన్నా_రావు: వినడం వేరు, ట్రాన్స్‌మిటర్ ఎక్కడుందో కనిపెట్టడం వేరు. వియత్ కాంగ్ (దక్షిణ వియత్నాంలోని కమ్యూనిస్టు గెరిల్లాలు) రేడియో సెట్లది తక్కువ పవర్. నేల వెంబడి సాగే తరంగం (గ్రౌండ్ వేవ్) అడవిలో త్వరగా చచ్చిపోతుంది. దూరానికి అందేది ఆకాశం నుంచి తిరిగొచ్చే తరంగం; దాని దిశ నమ్మితే తప్పుదారే. బేరింగ్‌లో, అంటే సిగ్నల్ వచ్చే దిశ కోణంలో, 1 డిగ్రీ తేడా 60 కి.మీ. దూరంలో దాదాపు 1 కి.మీ. పొరపాటవుతుంది. అందుకే పరికరాన్ని దగ్గరికి మోసుకెళ్లాలి, కనీసం రెండు చోట్ల నుంచి మ్యాప్ మీద దిశ గీతలు గీయాలి, మూడైతే మేలు; అవి కలిసే చోటే ట్రాన్స్‌మిటర్. ఆ తర్వాతే విమానాల్లోంచి దిశ పట్టే పద్ధతి మొదలైంది.

పతకాలపెట్టె: పర్పుల్ హార్ట్‌కి (శత్రువు చేతిలో గాయపడ్డ, చనిపోయిన అమెరికన్ సైనికులకిచ్చే పతకం) సిఫార్సు అక్కర్లేదు. శత్రు చర్య వల్లే మరణమని రికార్డు తేలిస్తే చాలు, అది హక్కు; దగ్గరి కుటుంబీకులకి అందజేస్తారు. ఏం చేస్తుండగా పోయాడో విప్పి చెప్పే పని లేదు. బ్రాంజ్ స్టార్ అనే ఇంకో సైనిక పతకం అలా కాదు, సిఫార్సు కావాలి, చేసిన పని రాయాలి. చిక్కంతా అక్కడే. డేవిస్ యూనిట్‌కే ‘3వ రేడియో రీసెర్చ్ యూనిట్’ అని ముసుగు పేరు!

యాంటెన్నా_రావు: సైగాన్ విమానాశ్రయం తాన్ సన్ న్యూట్‌లో ఆ యూనిట్ స్థావరానికి డేవిస్ స్టేషన్ అని పేరు పెట్టారు. నన్నడిగితే పతకం కన్నా అదే పెద్ద గౌరవం.