హెపటైటిస్-బి: లివర్ మచ్చలు తేల్చడానికి రక్తపరీక్ష లెక్క చాలా, ఫైబ్రోస్కాన్ తప్పదా?

గోదారబ్బాయి: మా నాన్నకి 52. హెపటైటిస్-బి. లివర్ ఎంజైములు ఏఎస్‌టీ 60, ఏఎల్‌టీ 64, ప్లేట్‌లెట్లు లక్షన్నర. రక్తపరీక్షల నుంచి కట్టే లివర్ మచ్చల స్కోరు ఫిబ్-4 2.6 వచ్చింది. డాక్టర్ ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్) రాశారు. మా దగ్గర ఆ మెషిన్ లేదు. హైదరాబాద్ తీసుకెళ్లాలా?

లెక్కలమాస్టారు: వయసుని ఏఎస్‌టీతో గుణించి, వేలల్లో ప్లేట్‌లెట్లతోనూ ఏఎల్‌టీ వర్గమూలంతోనూ భాగిస్తే ఫిబ్-4. 1.45 లోపైతే మచ్చలు ముదరనట్టు, 3.25 దాటితే ముదిరినట్టు. మీది మధ్యలో పడింది. అక్కడ ఈ లెక్క ఏమీ చెప్పదు. ముందు ఇంకోసారి రక్తం ఇప్పించండి.

సుజాత_నల్గొండ: ప్లేట్‌లెట్ల మీద నమ్మకమేంటండీ? డెంగీ వచ్చి 40 వేలకి పడితే ఇదే మనిషికి 9.75 వస్తుంది. లివర్ గట్టిపడిపోయినట్టా?

లెక్కలమాస్టారు: జ్వరంలో ఎవరు లెక్క కట్టమన్నారమ్మా? కామెర్లు ఉన్నప్పుడు, అన్నం తిన్న వెంటనే చేస్తే మీ ఫైబ్రోస్కానూ ఎక్కువే చూపిస్తుంది.

బెజవాడ_రాజు: స్కాన్ అంటే బిల్లు. అంతే.

సుజాత_నల్గొండ: డెంగీకి జవాబు రాలేదు.

లెక్కలమాస్టారు: వచ్చింది. చదవాలి.

సుజాత_నల్గొండ: మా తమ్ముడికి 31 ఏళ్లప్పుడు ఇలాంటి లెక్కే కట్టి, స్కోరు తక్కువ, మందు అక్కర్లేదు, ఆర్నెల్లకి రమ్మన్నారు. తర్వాత పొట్టలో నీరు చేరాక తెలిసింది, లివర్ పాడైందని. వయసుతో గుణించే లెక్కలో కుర్రాళ్లకి తక్కువ రాక ఏమొస్తుంది? అసలా 1.45, 3.25 హెచ్ఐవీ, హెపటైటిస్-సి రెండూ ఉన్నవాళ్ల మీద తేల్చినవి. బి వాళ్లకి తగిలించి మందు ఆపుతారా?

లెక్కలమాస్టారు: మందు ఆపమని నేనెక్కడన్నాను? ఊళ్లో స్కాన్ లేదని మందు ఆగకూడదనే నా గోల. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది కూడా అదే: ఏప్రి అనే ఇంకో రక్తపరీక్ష లెక్క 0.5 దాటితే చాలు, పెద్దవాళ్లకి మందు మొదలుపెట్టొచ్చు, స్కాన్ కోసం ఆగక్కర్లేదు. ఏఎస్‌టీని దాని గరిష్ఠ పరిమితి 40తో భాగించి, వందతో గుణించి, వేలల్లో ప్లేట్‌లెట్లతో భాగిస్తే ఏప్రి, ఈ అబ్బాయి నాన్నకి సరిగ్గా 1.

సుజాత_నల్గొండ: ఎక్కువొస్తే మందివ్వండి, నాకేం పేచీ లేదు. తక్కువొచ్చిందని ఇంటికి పంపకండి. ఇది మొదటి పోస్టులోనే రాసుంటే ఇంత గొడవెందుకు?

బెజవాడ_రాజు: ఇద్దరూ ఒకటే అంటున్నారుగా 😀

లెక్కలమాస్టారు: కాదు. ఆవిడ అందరికీ స్కాన్ అంటారు.

సుజాత_నల్గొండ: తక్కువ వచ్చినవాళ్లకి అన్నాను. అందరికీ అనలేదు.

గోదారబ్బాయి: మాస్టారూ, మా రిపోర్టులో ఏఎస్‌టీ పరిమితి 35 అని ఉంది.

లెక్కలమాస్టారు: అయితే 1.14. ఒకటి దాటితే సిర్రోసిస్ (మచ్చలు ముదిరి లివర్ గట్టిపడిపోవడం) అనుమానించాలి. రేపే రిపోర్టు పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లు. మందుతో పాటు ఎండోస్కోపీ, కడుపు స్కానింగ్ కావాలేమో కూడా అడుగు.

సుజాత_నల్గొండ: పరిమితి 40 నుంచి 35 అయితే మనిషి గీత దాటేశాడు. ఇదండీ మీ లెక్క.