బ్యాంకు వేలంలో ఫ్లాట్: నోటీసులో కనపడని ఖర్చులు (చర్చ)

గోదారి_గట్టు:
కూకట్‌పల్లి వైపు ఒక ఫ్లాట్ బ్యాంకు వేలానికొచ్చింది. సర్ఫేసీ చట్టం (అప్పు కట్టనివాళ్ల తనఖా ఆస్తిని బ్యాంకే అమ్ముకోనిచ్చే చట్టం) కింద నోటీసు. రిజర్వ్ ధర (పాటకు కనీస ధర) 62 లక్షలు, ఈఎండీ (పాటకు ముందు కట్టే ధరావతు) 10 శాతం, ‘సింబాలిక్ పొజెషన్’ అని రాశారు. అదే వీధిలో బయట 75 దాకా పలుకుతోంది. ఆ 13 లక్షలు నిజంగా మిగులుతాయా? పాటకు దిగే ముందు ఏమేం చూడాలండీ?

లింకు_డాక్యుమెంట్:
ముందు ఆ ‘సింబాలిక్’ అన్న మాట దగ్గరే ఆగండి. బ్యాంకు ఆ ఫ్లాట్ తలుపుకు నోటీసు అంటించి, పేపర్లో ప్రకటించిందంతే. తాళం ఇంకా అప్పు తీసుకున్నవాళ్ల దగ్గరే ఉంది. మీరు పైసలతో సహా కట్టేసి సేల్ సర్టిఫికెట్ (బ్యాంకు ఇచ్చే అమ్మకపు పత్రం) తెచ్చుకున్నా, లోపల మనుషులుంటే ఖాళీ చేయించడానికి సెక్షన్ 14 కింద మేజిస్ట్రేట్ దగ్గరికి బ్యాంకే వెళ్లాలి. ఆర్డరుకు చట్టం పెట్టిన గడువు 30 రోజులు, కారణాలు రాస్తే మొత్తం 60. ఆ తర్వాత అడ్వకేట్ కమిషనర్ (స్వాధీనం చేయించడానికి కోర్టు పంపే లాయరు), పోలీసు బందోబస్తు, తాళం పగలగొట్టే తేదీ, ఇవన్నీ కుదిరేసరికి నెలలు పడుతుంది.

లెక్క వేయండి. 45 లక్షల లోను, 8.5 శాతం వడ్డీ అనుకుంటే నెలకు వడ్డీయే దాదాపు 32 వేలు. ఇప్పుడుంటున్న ఇంటి అద్దె 20 వేలు అనుకోండి. పది నెలలు ఆలస్యమైతే 5 లక్షల 20 వేలు పోయినట్టే. ‘ఫిజికల్ పొజెషన్’ అని ఉన్న ఫ్లాటు రెండు మూడు లక్షలు ఎక్కువ పలికినా అదే చవక అని నా గట్టి అభిప్రాయం.

విశాఖ_తీరం:
కేసుల సంగతి కూడా ఉంది. బ్యాంకు తీసుకున్న ఏ చర్య మీదనైనా అప్పు తీసుకున్నవాళ్లు 45 రోజుల్లో డీఆర్‌టీకి (బ్యాంకు అప్పుల వివాదాలు చూసే ట్రిబ్యునల్) వెళ్లొచ్చు. తెలంగాణకు హైదరాబాద్‌లో, ఆంధ్రకు విశాఖలో ఉంది. అక్కడ ఓడినవాళ్లు అప్పీలుకు కోల్‌కతా ట్రిబ్యునల్‌కు వెళ్తారు. నోటీసు ఇవ్వడంలో, విలువ కట్టడంలో బ్యాంకు తప్పు చేసిందని తేలితే అమ్మకమే రద్దు కావచ్చు. మీరు కట్టిన సొమ్ము వెనక్కొచ్చినా, దాని మీద వడ్డీ ఎంత అన్నది ఆర్డరులో రాసినదాన్ని బట్టే. డీఆర్‌టీ సైట్లో, ఈ-కోర్ట్స్‌లో రుణగ్రహీత పేరు, హామీదారు పేరు రెండూ కొట్టి వెతకండి. అన్నదమ్ముల భాగపరిష్కారం దావాలు సివిల్ కోర్టులో ఉంటాయి, అవి ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) కనపడకపోవచ్చు.

అద్దెకున్నవాళ్లుంటే లీజు రిజిస్టరైందా, తనఖాకు ముందుదా తర్వాతదా అడగండి. తనఖాకు ముందే రిజిస్టరైన లీజైతే వాళ్లను కదిలించడం అంత తేలిక కాదు.

చార్టర్డ్_లెక్క:
డబ్బు గడువులు చెప్తాను, ఎక్కువమంది బోర్లాపడేది ఇక్కడే. 62 లక్షలకే పాట మీ పేర ఆగిందనుకుందాం. ఈఎండీ 6.2 లక్షలు ముందే కట్టి ఉంటారు. అదే రోజో, మరుసటి పనిదినమో 25 శాతం పూర్తి చేయాలి. అంటే ఇంకో 9.3 లక్షలు. మిగతా 46.5 లక్షలు అమ్మకం ఖరారైన 15 రోజుల్లో. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే మొత్తం 3 నెలల దాకా పొడిగించొచ్చు, అంతకు మించి కుదరదు. గడువు తప్పితే కట్టిన 15.5 లక్షలూ జప్తు. ఇది సరైనదేనని 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

లోను పెట్టుకునేవాళ్లకు చిక్కేమిటంటే, పూర్తి డబ్బు కడితేగాని సేల్ సర్టిఫికెట్ రాదు, సర్టిఫికెట్ లేనిదే చాలా బ్యాంకులు తనఖా పెట్టుకోవు. అందుకే పాటకు ముందే సాంక్షన్ లెటర్ (లోను మంజూరు పత్రం) తెచ్చుకోండి. వేలం వేసిన బ్యాంకే లోనిస్తుందేమో మొదట అడగండి.

ధర 50 లక్షలు, ఆ పైన ఉంటే 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల తరఫున ముందే కోసి కట్టే ఆదాయపన్ను) మీరే కట్టాలి. ఇది అదనపు ఖర్చు కాదు, ధరలోంచి మినహాయించాలి. కానీ రుణగ్రహీత పాన్ ఆధార్‌తో జతకాకపోతే రేటు 20 శాతానికి పోతుంది. ఆ పాన్ వివరం బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. సర్టిఫికెట్ రిజిస్ట్రేషన్‌కు స్టాంపు, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి 7.5 శాతం చొప్పున 4.65 లక్షలు వేసుకోండి.

మూడో_అంతస్తు:
బకాయిల గురించి ఎవరూ అనలేదు. నోటీసులో ‘ఉన్నది ఉన్నచోట, ఉన్న స్థితిలో’ అని ఉంటుంది చూడండి, దాని అర్థం ఇవన్నీ మీ నెత్తినే అని. కరెంటుకు మీటరు మీది యూఎస్‌సీ నంబరు, ఆస్తిపన్నుకు పీటీఐఎన్, నీళ్లకు క్యాన్ నంబరు రాసుకుని ఆన్‌లైన్లో చూడండి. పాత యజమాని కరెంటు బకాయి కడితేగాని కొత్త కనెక్షన్ ఇవ్వబోమని డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) అనొచ్చని 2023లో సుప్రీంకోర్టు తీర్పుంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ దగ్గర మెయింటెనెన్స్ బాకీ లెటర్ హెడ్ మీద రాయించుకోండి. నెలకు 3 వేలు చొప్పున నాలుగేళ్లు కట్టకపోతే లక్షా 44 వేలు.

గోదారి_గట్టు:
సింబాలిక్ అయితే లోపల చూపించరు కదండీ. రిపేర్లు ఎంతవుతాయో ఎలా తెలుస్తుంది?

మూడో_అంతస్తు:
అదే వరసలో పైన, కింద ఉన్న ఫ్లాట్లు అడిగి చూడండి. కింది ఇంటి బాత్‌రూం సీలింగ్ మీద చెమ్మ మరకలుంటే మీ ఫ్లాట్ పైపులు పోయినట్టే. కరెంటు మీటరు రీడింగ్ ఈ రోజొకసారి, వారం తర్వాత ఇంకోసారి చూడండి. కదలకపోతే ఇల్లు మూసే ఉంది. ఏళ్లుగా మూసిన ఇంట్లో డ్రైనేజీ పూడుకుపోతుంది, కప్‌బోర్డులకు చెదలు పడుతుంది. కోపంతో ఖాళీ చేసినవాళ్లు స్విచ్చులు, కుళాయిలు, వైరింగుతో సహా పీక్కెళ్లడమూ ఉంది.

లింకు_డాక్యుమెంట్:
హైదరాబాద్ ఫ్లాట్ కాబట్టి ఒకటి గట్టిగా చూడండి. అపార్ట్‌మెంట్ ప్లాన్ తీసుకునేటప్పుడు బిల్డరు 10 శాతం విస్తీర్ణాన్ని మున్సిపల్ కమిషనర్‌కు తనఖా పెడతాడు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం ప్లాన్ ప్రకారమే ఉందని, ఉండొచ్చని ఇచ్చే పత్రం) వచ్చాకే అది విడుదలవుతుంది. మీ ఫ్లాట్ ఆ 10 శాతంలోదేమో ఫ్లాట్ నంబరుతో, సర్వే నంబరుతో రెండు ఈసీలు తీసి చూడండి. ప్లాన్‌లో లేని పై అంతస్తైతే వదిలేయండి. దగ్గర్లో చెరువుంటే హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) ఎఫ్‌టీఎల్ మ్యాపు, అంటే చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు చూపే మ్యాపు కూడా చూడాలి. లింకు పత్రాల్లో (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు) ఏవేవి ఒరిజినల్‌గా చేతికిస్తారో ఆథరైజ్డ్ ఆఫీసర్‌కు (వేలం నడిపే బ్యాంకు అధికారి) మెయిల్ పెట్టి జాబితా తెప్పించుకోండి. ఆ జవాబు వచ్చాకే ఈఎండీ కట్టండి.