అప్‌డేట్: డైనోకాకస్ కాలనీల లెక్క తేడా – కారణం దొరికింది

గామా రేడియేషన్ ఇచ్చిన డైనోకాకస్ రేడియోడ్యూరన్స్‌లో (రేడియేషన్‌ని బాగా తట్టుకునే బ్యాక్టీరియా) బతికిన శాతం ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ వస్తోందని అడిగాను కదా. సాయం చేసిన అందరికీ థాంక్స్.

పైపెట్ (ద్రవాన్ని కొలిచి తీసే పరికరం) తీసిన నీళ్లను తూకం వేసి చూడమన్న సలహాయే పనిచేసింది. 100 మైక్రోలీటర్లకు సెట్ చేస్తే బ్యాలెన్స్ మీద 100 మిల్లీగ్రాములు రావాలి. 86 దగ్గరే ఆగింది. లోపలి సీల్ అరిగిపోయిందని సర్వీస్ ఆయన చెప్పాడు. ప్రతి ట్యూబులో 900 మైక్రోలీటర్ల ద్రవంలో ముందు ట్యూబు నుంచి 100 కలిపి పది రెట్లు పలచన చేస్తూ పోవాలి. 900లో 86 కలిపితే పలచన పది రెట్లు కాదు, పదకొండున్నర. ఐదో ట్యూబుకు చేరేసరికి కాలనీలు సగానికి పడిపోతాయి. కంట్రోల్‌ని (రేడియేషన్ ఇవ్వని శాంపిల్) 10⁻⁵ దగ్గర, అంటే ఐదో ట్యూబులో, 12 కిలోగ్రే రేడియేషన్ ఇచ్చిన శాంపిల్‌ని 10⁻² దగ్గర, అంటే రెండో ట్యూబులో లెక్కపెట్టాను కాబట్టి కంట్రోలే ఎక్కువ నష్టపోయి, బతికిన శాతం ఒకటిన్నర రెట్లు కనిపించింది. మహా మోసం!

కణాలు నాలుగేసి అతుక్కుని ఉంటే వాటిలో ఒక్కటి బతికినా కాలనీ వస్తుంది, దానివల్లా శాతం ఎక్కువ కనిపించొచ్చు; కానీ ఈ ఒకటిన్నర రెట్ల తేడా పైపెట్ లెక్కతోనే సరిపోయింది. ఇంక్యుబేషన్ (కాలనీలు పెరగడానికి ఉంచే సమయం) తగ్గినా రేడియేషన్ తిన్నవే ఆలస్యంగా కనపడతాయి, శాతం తగ్గాలి గానీ పెరగదు.

సీల్ మార్చాక పక్కపక్క డైల్యూషన్ల (పలచనల) లెక్కలు కలుస్తున్నాయి.