సీడీలో ఏడో ట్రాక్ ఒక్కటే రిప్ కావడం లేదు

అమ్మ దగ్గరున్న త్యాగరాజ కీర్తనల సీడీని రిప్ చేసి, అంటే కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఫ్లాక్ (నాణ్యత తగ్గని ఆడియో) ఫైళ్లుగా మార్చుకుంటున్నాను. ఉబుంటు 22.04, యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్, సాఫ్ట్‌వేర్ అసండర్. 9 ట్రాకుల్లో ఎనిమిది చక్కగా వచ్చాయి. 5:16 నిడివి ఉన్న ఏడోది మాత్రం 60 శాతం దగ్గర ఆగిపోతోంది. గంటసేపు వదిలేసినా కదల్లేదు, డ్రైవ్ గరగరమంటూనే ఉంది.

సీడీని వెలుతురులో తిప్పి చూస్తే అంచుకి దగ్గరగా వెంట్రుకంత గీత కనిపించింది. అదీ ట్రాక్ వెంటే గుండ్రంగా పోతోంది (అడ్డంగా ఉంటే ఇంత బాధ ఉండేది కాదు). మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకి తుడిచాను, తేడా లేదు.

తర్వాత టెర్మినల్‌లో నేరుగా సీడీపారనోయా (అసండర్ లోపల సీడీని చదివే ప్రోగ్రామ్ ఇదే) నడిపాను, స్పీడు 4కి తగ్గించి. 3:10 నుంచి 3:30 వరకు వరసగా ‘వి’ అక్షరాలే, అంటే సరిచేయలేని తప్పులు. తనిఖీలన్నీ ఆపేసే పెద్ద ‘జెడ్’ ఆప్షన్‌తో ఫైలైతే వచ్చింది కానీ, ఆ 20 సెకన్లూ టిక్కుటిక్కుమంటోంది. సెకనుకి 75 సెక్టార్ల (సీడీ మీది చిన్న డేటా ముక్కల) లెక్కన పోయింది 1500 సెక్టార్లే!

ఫ్రెండ్ దగ్గరున్న పాత డెస్క్‌టాప్ డ్రైవ్‌లో ఆ ముక్క బాగానే చదువుతోంది. అయితే రెండు డ్రైవ్‌ల రీడ్ ఆఫ్‌సెట్ వేరు, అంటే ఒక్కో డ్రైవ్ ఆడియోని కాస్త ముందుకో వెనక్కో జరిపి చదువుతుంది. ఆ 20 సెకన్లను నా ఫైల్లో అతుకు దగ్గర శబ్దం రాకుండా ఎలా కలపాలి?