సమస్యాపూరణం: నెత్తురును జూచి వణికెడి నెలతె వెజ్జు

చావడి పెద్ద: ఈ వారం సమస్య జపాన్ నింజా కామిక్ కథ నరుటో నుంచి. అందులోని వైద్యురాలు సునాడే గొప్పదా, ఉత్త బిల్డప్పా అని ఎలాగూ కొట్టుకుంటున్నారు. ఆ కొట్లాటేదో గణాల్లోనే కానివ్వండి.

నెత్తురును జూచి వణికెడి నెలతె వెజ్జు

తేటగీతి. యతికి బదులు ప్రాసయతి (రెండో అక్షరాల పొత్తు) చెల్లుతుంది. ఇచ్చిన పాదంలో అక్షరం కూడా మారకూడదు. నరుటో చూడనివాళ్లకు ఒక్క ముక్క: ఈమె మొదటి హోకగే (ఊరి నింజాల పెద్ద) మనవరాలు, తర్వాత తానే ఐదో హోకగే. గుద్దితే నేల చీలుతుంది, ముట్టుకుంటే గాయం మానుతుంది. కానీ కథలో అడుగుపెట్టేనాటికి రక్తం కనబడితే ఒళ్లంతా బిగుసుకుపోతుంది. ఆమె సంగతి తేల్చాలంటే ముందు ఈ ముడి విప్పాలి.

కోనోహా కోడలు: మొదటి పూరణ నాదే.

తమ్ము డీల్గెను బోరులో; తనను వలచు
వాడు చేతులలోననే పడి గతించె;
నాటి గాయమ్ము మానదు నేటి కైన;
నెత్తురును జూచి వణికెడి నెలతె వెజ్జు!

లఘువు గురువు: బాగుందమ్మా. మూడో పాదంలో నాటి, నేటి ప్రాసయతి హాయిగా కుదిరింది. తమ్ముడు నవాకీ, వలచిన డాన్ ఇద్దరి పేర్లూ ఎత్తకుండానే ఇద్దరినీ తెచ్చావు. ఒక్కటే లోటు. ఎందుకు వణుకుతుందో చెప్పావు, వణికే మనిషి వెజ్జు ఎలా అయిందో చెప్పలేదు. ముడి అక్కడే ఉండిపోయింది.

రామెన్ రసికుడు: నాకు సునాడే అంటే పడదు. కాబట్టి ఇదిగో.

జూద మాడును; నప్పుల సుడిని దిరుగు;
త్రాగి తూలును గొలువులో తరుణి యెపుడు;
కథను నడిపించు వేళలో గానరాదు;
నెత్తురును జూచి వణికెడి నెలతె వెజ్జు!

కోనోహా కోడలు: 'యెపుడు' అట! కుర్ర నింజా రాక్ లీకి ఆపరేషన్ చేసింది తూలుతూనేనా? బతికే అవకాశం సగమే అని పిల్లాడి ముఖం మీదే చెప్పి మరీ చేసింది.

లఘువు గురువు: జూ, సు యతి సరైనదే. అయితే నింద ఎక్కువై ముడి పలచబడింది. జూదానికీ నెత్తురు భయానికీ పొత్తు ఏమిటి? మూడో పాదం మాత్రం నిజంగా గుచ్చుకుంటోంది. దాని మీదే మొత్తం పద్యం కట్టాల్సింది.

రామెన్ రసికుడు: నా కోపమంతా ఆ పాదంలోనే ఉంది గురువుగారూ. ముగ్గురు సానిన్‌లలో (పేరుమోసిన నింజాలలో) ఒకరు అన్నారు. మరో సానిన్ జిరాయాకి శత్రువు పెయిన్‌తో పెద్ద యుద్ధం ఇచ్చారు. గొంతు నలిగి మాట పెగలకపోతే, కప్ప ముసలాయన వీపు మీద సంకేతం రాసి మరీ పోయాడు. అదే పెయిన్ ఊరి మీద పడితే సునాడేకి ఏమిచ్చారు? నిలబడి తన నత్త ద్వారా చక్ర (ఒంట్లోని శక్తి) పంచడం, ఆపైన కోమా. ఆమె లేచేలోపు హోకగే కుర్చీ దగ్గరికి ఊరి పెద్దల్లో ఒకడైన డాన్జో వచ్చేశాడు.

కోనోహా కోడలు: అయితే కోపం రచయిత కిషిమోటో మీద ఉండాలి, ఆమె మీద కాదు కదా తమ్ముడూ. జిరాయా ఓడిపోయాడు, చనిపోయాడు. ఆయన్ని ఎవరైనా చేతకానివాడు అన్నారా? ఓడితే ఆయన అమరుడు, ఈమె దండగ. ఇదేం లెక్క?

రామెన్ రసికుడు: ఆయన ఓటమిని మనకు చూపించారక్కా. ఈమెది గెలుపైనా సగం తెర వెనకే.

కొత్త గొంగళి: నా మొదటి తేటగీతి. తప్పులుంటే చెప్పండి.

పెద్ద యుద్ధాన నూరిని గాపు కాచె;
నత్త తోడుగ నందఱి నాడి నిల్పె;
ముడుత లేర్పడ శక్తిని మొత్త మొసగె;
నెత్తురును జూచి వణికెడి నెలతె వెజ్జు!

లఘువు గురువు: మొదటి పాదంలో పె, గా కలవవు. ప్రాసయతి కూడా లేదు. 'కష్ట కాలాన నూరిని గాపు కాచె' అంటే అర్థం చెడదు, యతి నిలబడుతుంది. మూడో పాదం నాకు బాగా నచ్చింది. పడుచు రూపం కరిగి, బుగ్గలు పీక్కుపోయి, ఎముకల గూడులా ఆమె కూలిపోయిన దృశ్యం ఆ 'ముడుత లేర్పడ'లో కనబడింది.

రామెన్ రసికుడు: పద్యం సరే, కాలం కుదరలేదు. పెయిన్ వచ్చేనాటికి ఆ భయం ఎప్పుడో పోయింది. నరుటోకి అడ్డంగా నిలబడి మూడో సానిన్ ఒరోచిమారు కత్తిని ఒంట్లో దింపుకున్న రోజే పోయింది. 'వణికెడి' అంటే ఇంకా వణుకుతున్నట్టే. 'వణికిన' అంటే గణం చెడదు గానీ, సమస్యను ముట్టుకోవద్దన్నారు.

కోనోహా కోడలు: చూశారా, పడదంటూనే అన్నీ గుర్తు పెట్టుకున్నాడు!

పాత పుస్తకాల పురుగు: ఆ రోజు సంగతి వచ్చింది కాబట్టి. జిరాయా కప్ప గమబుంటా కత్తిని ఎత్తి, ఒరోచిమారు పాము మండా మూతిలోంచి దూసి నేలకు దిగ్గొట్టింది కూడా అప్పుడే. జపాన్ పాత జిరాయా కథలోనూ కప్ప, పాము, నత్త మూడూ ఉంటాయి. కప్పకు పాము భయం, నత్తకు కప్ప భయం, పాముకు నత్త భయం. ఎవరూ ఎవరికీ తీసిపోరు. కిషిమోటో ఆ ముగ్గుర్నీ తెచ్చుకున్నాడు గానీ నత్త వంతు వచ్చేసరికి తూకం తేలిపోయింది. ఇక నా పూరణ:

పిడికి లెత్తిన గొండలు పిండి యగును;
నడుము తెగినను దోడ్పడు నలుగురకును;
తన రుధిర మన్న జంకదు, తనదు వారి
నెత్తురును జూచి వణికెడి నెలతె వెజ్జు!

కోనోహా కోడలు: అబ్బ! శత్రువు మదారా రెండు ముక్కలు చేసి వదిలేసినా, తన నత్త కత్సుయూను ముందు మిగతా నలుగురు కగేల (ఇతర ఊళ్ల పెద్దల) దగ్గరికి పంపింది కదా. 'నలుగురకును' లెక్క కూడా సరిపోయింది.

రామెన్ రసికుడు: పద్యానికి దణ్ణం. కానీ ఒరోచిమారు మనిషి కబూటో ఆమె మీద చిమ్మిన రక్తం డాన్‌దీ కాదు, నవాకీదీ కాదు. అయినా బిగుసుకుపోయింది. మరి 'తనదు వారి' ఎలా?

పాత పుస్తకాల పురుగు: ఎవరి రక్తమైనా ఆమె కంటికి కనబడేది డాన్ రక్తమే. కవికి ఆ మాత్రం చనువు ఇవ్వరా?

చావడి పెద్ద: ఇస్తున్నాం. ఈ వారం మెప్పు పురుగుగారికే. ఇచ్చిన పాదానికి ముందు 'తనదు వారి' అని ఆపడంతో పిరికితనం కాస్తా ప్రేమ అయింది. పూరణ అంటే అదీ. రసికుడి అభ్యంతరం మాత్రం నేను కొట్టెయ్యను. వైద్యులు ముందువరసలో పోరాడకూడదు, దళంలో మిగతావాళ్లందరూ పోయేదాకా చావకూడదు అని నియమం పెట్టింది సునాడేనే. నుదుట శక్తి దాచుకునే నూరు బలాల ముద్ర సాధించినవాళ్లకే మినహాయింపు. ఆ మినహాయింపు ఆమెకు ఉంది. ఉన్నా కథ ఆమెను ఎక్కువసార్లు వెనక వరసలోనే నిలబెట్టింది. అభిమానులు దెబ్బలు లెక్కపెడతారు, బతికించిన ప్రాణాలను ఎవరూ లెక్కపెట్టరు. పవర్ లెవెల్ పట్టికలో వాటికి గడే లేదు. అందుకే ఒకే సన్నివేశం చూసి ఒకరు చెయ్యెత్తి మొక్కుతారు, ఇంకొకరు పెదవి విరుస్తారు.

కొత్త గొంగళి సవరించిన పాదంతో మళ్లీ పెట్టాలి. రసికుడు మూడో పాదం పట్టుకుని ఇంకో పద్యం బాకీ.

వచ్చే వారం, పురుగుగారి పాత కథ పుణ్యమా అని, ఇదీ తేటగీతే:

పాము నీడను గప్పలు పవ్వళించె