అప్‌డేట్: కేబుల్ అల్లిక మొదలుపెట్టాను (విజయనగరం)

చిన్నప్పుడు నేర్చుకుని వదిలేసిన ఊలు అల్లిక మళ్లీ మొదలుపెడుతున్నాను, నేరుగా కేబుల్ (జడలా మెలికలు తిరిగే డిజైను) స్వెటర్ అల్లొచ్చా అని అడిగాను కదా. ముందు నిట్ (సూటి కుట్టు), పర్ల్ (ఉల్టా కుట్టు) చేతికి రానివ్వమన్నారు చాలామంది. అలాగే చేశాను, విసుగే గానీ పనికొచ్చింది.

మా అమ్మ సూదుల మీద 10 అని ఉంది. అది పాత బ్రిటిష్ నంబరట, అంటే 3.25 మి.మీ. 8 నంబరైతే 4 మి.మీ. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. కొనేవాళ్లు చూసుకోండి.

ఇక కేబుల్. చూడ్డానికే భయం, చేస్తే ఏమీ లేదు! ఆరు కుట్లలో మూడింటిని వేరే సూదికి ఎక్కించి, మిగతా మూడు ముందు అల్లి, తర్వాత వీటిని అల్లడమే. ఆపిన కుట్లు ముందువైపు ఉంటే మెలిక ఎడమకి, వెనకవైపు ఉంటే కుడికి వాలుతుంది. కేబుల్ సూది మా ఊళ్లో దొరక్క జడపిన్నుతో లాగించేశాను. రెండు పక్కలా రెండేసి పర్ల్ కుట్లు వేస్తేనే జడ పైకి తేలుతుంది. కేబుల్ బట్టను లోపలికి లాగేస్తుంది కాబట్టి, నమూనా ముక్క కొలిచి కుట్లు కొన్ని పెంచాను.

మామగారికి చేతుల్లేని స్వెటర్, ముందు ఒకే జడ. మన ఉక్కపోతకి కాదులెండి, అరకు చలికి. కాటన్ దారం వద్దనుకున్నాను, సాగదు, బరువు కూడా.

ఇప్పుడాయనకి చేతులున్నది కావాలట. చంక దగ్గర కుట్లు తగ్గించేటప్పుడు కేబుల్ ఎక్కడ ఆపాలో కాస్త చెప్పండి.