పీహెచ్‌డీలో చేరే ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ల్యాబ్ శిక్షణ విడిగా ఇవ్వాలా?

తార్నాక_స్కాలర్:
జీవవైద్య పీహెచ్‌డీలో కొత్తగా చేరే ఎస్సీ, ఎస్టీలకు మొదటి రెండు నెలలు ల్యాబ్ పని విడిగా నేర్పాలని మా దగ్గర మాట నడుస్తోంది. అమెరికాలో 1988లో మొదలైన మేయర్‌హాఫ్ పథకంలో నల్లజాతి పిల్లలను డిగ్రీ తరగతులకు ముందే వేసవిలో కలిపి చదివించారు. మీరేమంటారు?

నాచారం_రావు:
ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5 శాతం సీట్లు ఉన్నాయి కదా. చేరాక అందరూ స్కాలర్లే. ద్రవం కొలిచి పోసే పిపెట్ పట్టుకోవడం నాకెవరు నేర్పారు?

భద్రాచలం_పిల్ల:
మీ కాలేజీలో పిపెట్ ఉంది సార్. డీఎన్‌ఏను కాపీలు చేసే పీసీఆర్ మెషీన్ నేను చూసిందే హైదరాబాద్ వచ్చాక. మొదటి నెలలో అగరోజ్ పొడిని బఫర్‌లో, అంటే కరెంటు పారే ఉప్పు ద్రావణంలో కాకుండా ఉత్త నీళ్లలో కరిగించి జెల్ పోశాను. కరెంటు పెట్టినా అందులో డీఎన్‌ఏ సరిగా కదల్లేదు. ల్యాబంతా నవ్వింది.

నాచారం_రావు:
నీళ్లతో జెల్ నేనూ పోశానమ్మా. దానికీ కులానికీ ఏం సంబంధం?

మల్లాపూర్_ఎలుక:
జెల్ వదిలేయండి బాబూ.

భద్రాచలం_పిల్ల:
మీరు పోస్తే పొరపాటు. నేను పోస్తే ‘కోటా’ అన్నారు. ఫెలోషిప్ నెలకు 37,000 అని ఊళ్లో అందరికీ చెప్పాను, మొదటి డబ్బులు పడేసరికి ఐదు నెలలు. హబ్సిగూడలో గది అద్దెకు నాన్న మేకలు అమ్మాడు.

నాచారం_రావు:
మా అబ్బాయికి నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్, అదే ఆ ఫెలోషిప్, రెండు మార్కుల్లో పోయింది. వాడి గురించి ఎవరు చర్చ పెడతారు?

తార్నాక_స్కాలర్:
అసలు కోపం అదా సార్!

నాచారం_రావు:
మాటలు జాగ్రత్త. మేయర్‌హాఫ్‌ను 1996లో అన్ని జాతులకూ తెరిచారు, అది చెప్పవేం?

భద్రాచలం_పిల్ల:
శిక్షణ అందరికీ పెట్టండి, నాకూ అదే కావాలి. విడిగా కూర్చోబెడితే మొదటి రోజే ముద్ర పడుతుంది.

తార్నాక_స్కాలర్:
నీ కోసమే అడుగుతుంటే నువ్వే వద్దంటావేంటి? అందరికీ పెడితే ముందు బెంచీ ఎవరిదో తెలియదా?

భద్రాచలం_పిల్ల:
బెంచీ సంగతి కాదన్నా. చేరినవాళ్లలో మా వాళ్లను ఏ గైడ్ తీసుకుంటాడు, ఎవరు మిగిలిపోతారు, అది చూడండి. జెల్ రెండోసారికి వస్తుంది.

నాచారం_రావు:
స్టూడెంట్‌ను ఎంచుకోవడం గైడ్ ఇష్టం. గైడ్‌గా నేను మీ వాళ్లను ఇద్దరిని తీసుకున్నాను. ఒకతను రెండో ఏడాది మానేశాడు.

భద్రాచలం_పిల్ల:
ఎందుకు మానేశాడో అడిగారా?

నాచారం_రావు:
అది అతని సొంత విషయం.